మాగ్నార్ కోసం విడిగా తీసిన బీరు

మాగ్నార్ ముక్కు చచ్చిపోయిందని నాకు మొన్న జూలైలో తెలిసింది. పదకొండేళ్ళుగా ఆ మనిషికి ఏదో ఒకటి జరగాలని కోరుకుంటూ వచ్చినదాన్ని. కాలు విరగాలనుకున్నాను. ఆవులు వట్టిపోవాలనుకున్నాను. ఒక చలికాలమైతే మంచు బరువుకి అతని ఇంటి కప్పు కూలుతుందేమోనని రోజూ పొద్దున్నే కిటికీలోంచి తొంగిచూశాను. ముక్కు సంగతి మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ రోజు దుకాణం నుంచి సంచులు మోసుకుంటూ వాన జల్లులో నడిచి వస్తున్నాను. మాగ్నార్ వెనక నుంచి వచ్చి కారు ఆపాడు. ఎక్కనని అనాల్సింది. కానీ మోకాళ్ళు నా మాట వినే రోజులు పోయాయి, ఎక్కాను. తలుపు మూయగానే కంపు మొహాన కొట్టింది. వెనక సీటు కింద ప్లాస్టిక్ సంచిలో ట్రౌట్ చేపలున్నాయి. కొండ మీది చెరువులో ఎప్పుడు పట్టాడో, ఎన్నాళ్ళుగా మరిచిపోయాడో! సంచి ఉబ్బి ఉంది. నేను అద్దం పూర్తిగా దించేసి తల బయట పెట్టాను.

"గాలి కావాలా తోర్దిస్? తడిసిపోతావు" అన్నాడు. అని ఈల వేసుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిపాడు.

మామూలు మనిషైతే వాంతి చేసుకుంటాడు. మాగ్నార్ మామూలు మనిషి కాదు, మా లోయకి ముక్కు. మా దగ్గర ఇంటింటా బీరు కాస్తారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, జునిపర్ అనే ముళ్ళపొద కొమ్మలు మరగబెట్టిన నీళ్ళు, ఆపైన ఎవరి ఇంటి తోడు వాళ్ళది. పాలకి తోడు వేసినట్టే, పాత బీరు అడుగున మిగిలిన ముద్దని చెక్క గొలుసుకి పట్టించి ఆరబెట్టి దాచుకుంటారు. అది తాతల నాటిది, ఒకళ్ళది చెడిపోతే పక్కింటికి వెళ్ళి అడుగుతారు, ఎవరూ లేదనరు. ఆ బీరు ఎలా కుదిరిందో చెప్పేవాడు మాగ్నార్. అతని తండ్రి కూడా అదే పని చేశాడు. జిల్లా పోటీకి న్యాయనిర్ణేత అతనే. అవతలి ఒడ్డు నుంచి కూడా సీసాలు పంపేవాళ్ళు. చిన్న చీటీ మీద "నీళ్ళు ఎక్కువ కాగాయి" అనో "కొమ్మలు ముదిరినవి" అనో రాసి తిప్పి పంపేవాడు. మా పక్కింటి రాగ్న ఆ చీటీలని వంటింటి గోడకి వరసగా మేకులు కొట్టి పెట్టుకుంది, దేవుడి వాక్యాల పక్కన.

కారు దిగి ఇంట్లోకి వచ్చాక నాకు నిద్రపట్టినట్టూ లేదు, మెలకువగా ఉన్నట్టూ లేదు. అనుమానం తీర్చుకోవాలి. మర్నాడే దారిన పోతున్న మాగ్నార్‌ని పిలిచి కాఫీకి కూర్చోబెట్టాను. పదకొండేళ్ళలో మా ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదటిసారి. సంతోషపడ్డాడు పాపం. వాఫుల్ పెనం పొయ్యి మీద వదిలేసి కావాలని కబుర్లు మొదలుపెట్టాను. మాడింది. నల్లగా మాడింది. గది నిండా కంపు. అతను వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. పొగ కళ్ళకి తగిలి నీళ్ళు కారాక గానీ తల తిప్పి చూడలేదు. ఇంకో వాఫుల్ వేసి పెడితే తిని, "చక్కెర కాస్త తగ్గింది సుమా" అన్నాడు.

అంటే నాలిక బతికే ఉంది. ముక్కే పోయింది. అతను వెళ్ళాక కుర్చీలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి చివరికి ఏడ్చాను. దేవుడు నా చేతికి ఇంత మంచి ఆయుధం ఇస్తాడని అనుకోలేదు.

అసలు నా కడుపు ఎందుకు మండిందో చెప్పాలి. పదకొండేళ్ళ కిందట సెప్టెంబరులో మా అమ్మాయి ఇంగున్ పెళ్ళి. మా ఆయన యూస్తైన్ పెళ్ళికని నూటయాభై లీటర్లు కాచాడు. వాళ్ళ నాయనమ్మ నుంచి వచ్చిన తోడు అది. మూత తీస్తే నారింజ తొక్క వలిచినట్టుండేది. పీపాల్లోకి ఎత్తే రోజున మా వైపు ఇరుగుపొరుగు పిలవకుండానే వస్తారు. పొగ గొట్టం చూసి రోజులు లెక్కపెట్టుకుంటారు. అలా అందరూ చేరడాన్ని ఉప్‌స్కోకె అంటాం. చెక్క గిన్నె చేతులు మారుతుంది, మాగ్నార్ నోరు విప్పేదాకా ఎవరూ బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు.

ఆ రోజు మాగ్నార్ ఒక్క గుటక తాగాడు. వాసన చూశాడు. గిన్నెలో మిగిలింది గడ్డిలో పారబోశాడు.

"యూస్తైన్, నీ తోడు జబ్బుపడిందయ్యా. కంపు మొదలైంది. తీసుకెళ్ళి ఏట్లో పారెయ్యి. ఇంకెవరికీ ఇవ్వకు, లోయంతా అంటుకుంటుంది" అన్నాడు.

నలభై మంది ముందు. పెళ్ళికి రెండు రోజుల ముందు.

నా మొగుడు మాగ్నార్‌తో వాదించలేదు. చెప్పింది మాగ్నార్ మరి! గోడకున్న చెక్క గొలుసు దించి ఏటికి నడిచాడు. యూస్తైన్ దగ్గర తోడు తీసుకున్న ఓద్వార్ ముసలాయన కూడా ఇంటికి పరిగెత్తి తన గొలుసు తెచ్చి నీళ్ళలో వేశాడు. నూటయాభై లీటర్లూ పొలం గట్టున పారబోశారు. మర్నాడు మాగ్నార్ తన ట్రాక్టర్ మీద తన బీరు పీపాలు తెచ్చి దింపాడు, ఉదారంగా. నా కూతురి పెళ్ళిలో యూస్తైన్ ఆ బీరు తన చేత్తో వియ్యాలవారికి పోశాడు. పోస్తూ తల ఎత్తలేదు.

ఆ తర్వాత మాగ్నార్ ఇచ్చిన తోడుతో మూడేళ్ళు కాచాడు. ప్రతిసారీ ఒక గుటక తాగి లోపలికి వచ్చి పడుకునేవాడు. నాలుగో ఏడు కాచలేదు. గాబు ఎండి చెక్కలు ఊడిపోయాయి. మా పొగ గొట్టం వైపు ఎవరూ చూడటం మానేశారు. మనిషి లోపల్లోపలే తగ్గిపోతూ మూడేళ్ళ కిందట పోయాడు. గుండె అన్నాడు డాక్టరు. ఆ డాక్టరు వేరే ఊరివాడు, అతనికేం తెలుసు! పాతిపెట్టి వచ్చాక జనం తాగింది కూడా మాగ్నార్ బీరే. అది నేను గుక్క తిప్పుకోకుండా తాగాను. ప్రతి గుటకకీ, నీ సంగతి చూస్తానురా అనుకున్నాను.

యూస్తైన్‌కి చెప్పని సంగతి ఒకటుంది. అతను గోడ దగ్గరికొచ్చి గొలుసు దించేలోపే నేను పరిగెత్తి దాన్నుంచి పిడికెడు ఎండు తోడు పొట్టు గీరి కాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో అడుగున, అడవి పళ్ళ డబ్బాల కింద దాచాను. చెబితే అదీ తీసుకెళ్ళి పారేసేవాడు, అంత నిజాయితీ మనిషి. ఆ తోడుకి ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ఇరవై అయిదేళ్ళు తాగినదాన్ని, నాకు తెలియదా? మాగ్నార్ కుళ్ళుబోతు, తనకంటే మంచి తోడు లోయలో ఉండటం ఓర్వలేక అబద్ధం ఆడాడు. ఇదీ నేను పదకొండేళ్ళు నమ్మింది. కానీ ఆ పిడికెడు పొట్టుతో ఏం చేయగలను? ఎంత మంచి బీరు కాచినా చివరికి తీర్పు చెప్పేది మళ్ళీ అతనే.

ఇప్పుడు మాత్రం దారి దొరికింది. నాకు కావలసింది ఒక్కటే. యూస్తైన్ తోడు మంచిదని అదే నోరు, అదే నలభై మంది ముందు చెప్పాలి. చెప్పాక ఆ నోరు ఇంకెప్పుడూ లేవకూడదు.

సెప్టెంబరులో రాగ్న దగ్గరికి వెళ్ళి గాబు అడిగాను.

"ఏమే, ఇన్నేళ్ళకి నీకు బీరు మీద మనసు పుట్టిందా?" అంది రాగ్న.

"పుట్టింది. ఇస్తావా ఇవ్వవా?"

"ఇస్తాలే, మీద పడకు. తోడు ఎవరిది? మాగ్నార్‌దేనా?"

"ఇంకెవరిది ఉంది ఈ లోయలో?"

"అదీ నిజమే. ఆయన్ని పిలు మరి, నీ పాత కోపాలు మనసులో పెట్టుకోకు. పెద్దాయన."

"ఆయన రాకపోతే నేను కాచడమే దండగ" అన్నాను. అంతకంటే నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

గురువారం ఇంగున్ పట్నం నుంచి వచ్చింది. తండ్రి పోయాక బీరు కాచే కొట్టంలో పొయ్యి వెలిగించడం అదే మొదటిసారి, పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే కట్టెలు అందించింది. నా ఆలోచన దానికి చెప్పలేదు. సాయంత్రానికి బార్లీ రసం గోరువెచ్చగా చల్లారింది. పొట్టుని విడిగా గిన్నెడు రసంలో నానబెట్టి ఉంచాను. పదకొండేళ్ళు మంచులో పడుకున్నది లేస్తుందో లేదోనని గంటకోసారి వెళ్ళి చూశాను. మూడో గంటకి బుడగలు వచ్చాయి. నేను నేల మీద కూలబడ్డాను.

తోడు వేసేటప్పుడు గాబులోకి గట్టిగా కేక పెట్టాలి మా వైపు. కేక ఎంత గట్టిగా ఉంటే బీరు అంత గట్టిగా దిగుతుందంటారు. యూస్తైన్ పెడితే అవతలి ఒడ్డున కుక్కలు మొరిగేవి. నేను రెండు చేతులూ గాబు అంచున పెట్టి, ఊపిరి పీల్చి, "మాగ్నార్!" అని అరిచాను. కొట్టం కప్పు అదిరింది.

ఇంగున్ బిత్తరపోయి చూసింది. "అమ్మా, నువ్వు పొంగు రావడానికి అరిచావా, ఎవరి పీకైనా పిసకడానికా?"

"రెండూ" అన్నాను.

తెల్లారేసరికి నురగ గాబు అంచు దాకా లేచింది. మూత ఎత్తితే నారింజ తొక్క వాసన. నా మొగుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడనే అనిపించి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. అప్పుడు నా పగ ఇంకాస్త గట్టిపడింది.

శనివారం పొద్దున అందరికంటే ముందు లేచి నాలుగు లీటర్లు విడిగా తీశాను. కిందటేడు చేపలు ఊరబెట్టిన బకెట్టు ఒకటుంది. మూడు నెలలు ఉప్పులో మగ్గిన చేపలు, రొట్టె మీద ఉల్లిపాయతో తింటే అమృతమే గానీ ఆ బకెట్టు వాసన మాత్రం కడిగితే పోయేది కాదు. మూడుసార్లు వేడినీళ్ళతో కడిగాను. ఉప్పు నాలికకి తగిలితే పట్టేస్తాడు కదా! వేలు ముంచి నాకి చూసుకున్నాను, ఉప్పు లేదు. కంపు ఉంది. దాంట్లో బీరు పోసి మూత బిగించి మధ్యాహ్నం దాకా ఉంచాను. తర్వాత మూత తీస్తే నాకే తల తిరిగింది. రుచికి మామూలుగా ఉంది. ముక్కు మూసుకుని తాగి మరీ చూశాను.

జనం వచ్చారు. పొగ చూసి లెక్కపెట్టుకున్నారు, నలభై మందికి తక్కువ లేరు. ఓద్వార్ ముసలాయన కర్ర పట్టుకుని అందరికంటే ముందొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మాగ్నార్ చివర్న వచ్చాడు. డెబ్బై దాటినా దేవదారు చెట్టులా నిటారుగా, శుభ్రమైన టోపీతో. ఏటి వైపు నుంచి గాలి వీస్తోంది. అతన్ని గాలికి దిగువన, కొట్టం మూల దగ్గర నిలబెట్టాను. అక్కడి నుంచి జనం వైపు వాసన కొట్టదు.

మొదటి గుటక ఎప్పుడూ ఇంటావిడది. పెద్ద గిన్నెలో మంచి బీరు ముంచి తాగాను. మొహం విప్పారేలా నవ్వాను. దానికి నేను కష్టపడక్కర్లేదు. నిజంగానే బాగుంది, పైగా ఎదురుగా అతను. మాగ్నార్ నా వైపే చూస్తున్నాడు.

"నీకు విడిగా తీశాను మాగ్నార్. ఇది యూస్తైన్ నాయనమ్మ గిన్నె. తీర్పు చెప్పేవాడికి దీంట్లోనే పోయాలనిపించింది" అని చిన్న రంగుల గిన్నె అందించాను.

"ఇంత గౌరవమా! సంతోషం తోర్దిస్" అన్నాడు.

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఊపిరి నిండా పీల్చాడు. రెండు బారల దూరంలో నేను ఊపిరి బిగబట్టాను. తాగాడు. నోట్లో తిప్పాడు. మింగాడు.

"నారింజ తొక్క. వెనకాల సన్నగా పొగ. కొమ్మలు లేతవి, పొద్దున్నే కోసినవి. ఇక తోడు గురించి చెప్పాలంటే..." అని ఆగి నా వైపు చూసి నవ్వాడు. "ఇంత శుభ్రమైన తోడు ఈ లోయలో చూసి చాలా ఏళ్ళయింది."

"తొందరేం లేదు. ఇంకోసారి చూసి చెప్పు. ఏదైనా తప్పు ఉంటే చెప్పాలి కదా, నలుగురి ముందూ."

మళ్ళీ వాసన చూశాడు, ఇంకా లోతుగా. "తప్పు పట్టడానికి ఏమీ లేదు. కావాలంటే చీటీ మీద రాసి సంతకం పెడతాను."

"అక్కర్లేదు. గిన్నె రాగ్నకి అందించు."

రాగ్న అందుకుని ఆత్రంగా పైకెత్తింది. పెదాలకి తగలకముందే గిన్నెని చేయి చాచినంత దూరం నెట్టింది.

"ఓరి దేవుడో! ఇదేం కంపే? చేపలు! కుళ్ళిన చేపలు!"

"ఇటివ్వు" అని పక్కాయన తీసుకున్నాడు. అతను వాసన చూసి దగ్గాడు, ఇంకొకామె గిన్నె అందుకోకుండానే శాలువా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గిన్నె చేతులు మారుతూ పోయింది. చివరికి ఓద్వార్ దగ్గర ఆగింది. ముసలాయన చాలాసేపు వాసన చూసి తల ఎత్తాడు.

"నారింజ తొక్కా?" అన్నాడు మెల్లిగా.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. కాసేపట్లో కొట్టం ముందు నవ్వులు పగిలాయి. "లేత కొమ్మలంట!" "వెనకాల సన్నగా పొగంట!" మాగ్నార్ మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను ఆ మొహాన్ని చూశాను, తనివితీరా చూశాను, కనురెప్ప వేయకుండా చూశాను. పదకొండేళ్ళ ఆకలి అది.

"వినండి" అని గొంతెత్తాను. "మీ బీరుకి తీర్పులు చెప్పే ఈ మహానుభావుడికి ముక్కు పనిచేయదు. డిక్కీలో శవం ఉన్నా తెలియదు. సరే, ఇప్పుడు ఈ పెద్ద గిన్నెలోది తాగండి. అది యూస్తైన్ తోడు. ఈయన జబ్బుదన్నాడే, ఏట్లో పారేయించాడే, అదే."

పెద్ద గిన్నె తిరిగింది. మొదట భయపడుతూ, తర్వాత నిండుగా తాగారు. ఓద్వార్ వంతు వచ్చింది. తాగాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"నాదీ ఇదే తోడు. ఇదే. నా చేత్తో నీళ్ళలో వేశాను" అన్నాడు. తర్వాత కర్ర ఎత్తి మాగ్నార్ వైపు చూపించాడు. "వాసనే తెలియనివాడివి, మా తోడు ఎందుకు పారేయించావురా? నీకేం పోయేకాలంరా?"

"నా గోడ నిండా నీ చీటీలే కదయ్యా!" అని రాగ్న నెత్తి కొట్టుకుంది. "నీ మాట విని మూడేళ్ళు కొమ్మలు మార్చాను, నీళ్ళు మార్చాను, చివరికి గాబు కూడా మార్చాను. ఏం చూసి రాశావవి?"

మాగ్నార్ జనం వైపు వీపు తిప్పాడు. టోపీ సర్దుకుని నడక మొదలుపెట్టాడు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు, ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు. నాకు తనివి తీరలేదు. ఇంకాస్త కావాలనిపించింది. వెంటపడి వెళ్ళి గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళయింది పోయి?"

"పదకొండేళ్ళు" అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ ఏడు ఆగస్టులో గడ్డి అటక మీంచి పడ్డాను. తల వెనక దెబ్బ. మూడు రోజులకి లేచాను, కాఫీ వాసన రాలేదు. వస్తుందిలే అనుకున్నాను. రాలేదు."

ఆగస్టు. పెళ్ళి సెప్టెంబరులో.

"అంటే ఇంగున్ పెళ్ళి బీరు..." గేటుకి అడ్డం నిలబడ్డాను. "వాసన తెలియకుండానే జబ్బన్నావా? కుళ్ళుతో కూడా కాదా? ఊరికే నోటికొచ్చింది వాగావా?"

"కుళ్ళు దేనికి? యూస్తైన్ బీరంటే నాకిష్టం." ఇప్పుడు చూశాడు నా వైపు. "నాలికకి తెలిసింది కొంత, మిగతాది మొహాలు చూసి చెప్పేవాణ్ణి తోర్దిస్. తాగినవాళ్ళ మొహం చూస్తే తెలిసిపోతుంది, వందకి తొంభైసార్లు తప్పు పోదు. ఇందాక నీ మొహం చూశాను, వెలిగిపోతోంది. చాలా బాగుందన్నాను, నారింజా పొగా నేను అందరికీ చెప్పేవే. ఆ రోజు కూడా మొదటి గుటక నీదే. నీ మొహమే చూశాను."

"నా మొహమా?"

"ఇలా పెట్టావు" అని చూపించాడు. ముక్కు ముడిచి, ఒక కన్ను మూసి, నాలిక కొంచెం బయటపెట్టి. డెబ్బై ఏళ్ళ మనిషి మొహంలో నా మొహం. "ఇరవై అయిదేళ్ళు అదే బీరు తాగినదానివి. నీకంటే ఎవరికి తెలుస్తుంది? నీకే అంత రోతగా ఉంటే ఏదో పెద్ద జబ్బే అనుకున్నాను. ఊరికి అంటుకోకూడదనుకున్నాను."

నేను గేటు పట్టుకున్నాను.

ఆ మొహం నాదే. యూస్తైన్ కోసం పెట్టే మొహం. ప్రతి ఏడూ జనం రాకముందే, నేను మొదటి గుటక తాగబోతుంటే అతను చొక్కా చేతులు పైకి మడిచి, బడిపిల్లాడిలా నా ఎదురుగా నిలబడేవాడు. "చెప్పవే, లోయలో దీనికి సాటి ఉందా?" అనేవాడు. నేను తాగి ఆ మొహం పెట్టేదాన్ని. అతను భుజం మీది తువ్వాలు తీసి నా మీద విసిరేవాడు. అప్పుడు మిగిలిందంతా గడగడా తాగేసి ఖాళీ గిన్నె ఇచ్చేదాన్ని. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆట అది. ఆ రోజు కూడా మొహం పెట్టాను. యూస్తైన్ తువ్వాలు తీస్తున్నాడు కూడా. పెళ్ళని జనం ముందే వచ్చేశారు, మిగిలింది తాగేలోపే మాగ్నార్ నా చేతిలోంచి గిన్నె అందుకున్నాడు.

"ముక్కు పోయిందని చెప్పి ఏడవొచ్చుగా!" అన్నాను.

"చెబితే ఇంక నేనెవర్ని?" అన్నాడు. క్షమించమని అడగలేదు. గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతని మీద జాలి కలిగిందని చెబితే అబద్ధం. కలగలేదు, ఇప్పటికీ లేదు. ఆ వీపు మలుపు తిరిగేదాకా పళ్ళు నూరుతూనే చూశాను. కానీ అతన్ని తిట్టుకుందామని ఏ మాట వెతికినా, అది సగం దూరం పోయి నా మీదికే తిరిగొస్తోంది. యూస్తైన్ గొలుసు దించి ఏటికి నడిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆట అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మాగ్నార్ అబద్ధానికి లోపల రగిలిపోవడంలో పడి, నా మొహం సంగతి నాకు గుర్తే రాలేదు.

తిరిగి వచ్చేసరికి కొట్టం ముందు పండగలా ఉంది. తోడు నాకంటే నాకని అందరూ అడుగుతున్నారు. ఓద్వార్ అప్పుడే గొలుసు కోసం మనవరాలిని ఇంటికి పంపాడు.

"ఏమన్నాడమ్మా?" అంది ఇంగున్.

"ఏమీ అనలేదు."

"వింటున్నారా అందరూ!" అని రాగ్న బెంచీ ఎక్కింది. "ఇక నుంచి మన బీరుకి తీర్పు చెప్పేది తోర్దిస్! ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం!" అని అరిచారు. ఎవరో పెద్ద గిన్నె నిండా ముంచి నా చేతుల్లో పెట్టారు.

"ఊఁ, చెప్పు. నాన్న బీరు ఎలా ఉంది?" అని ఇంగున్ నా ఎదురుగా వచ్చి నిలబడింది. తండ్రిలాగే చొక్కా చేతులు పైకి మడిచింది, తనకి తెలియకుండానే. వెనకాల నలభై మంది నా మొహంలోకి చూస్తున్నారు.

గిన్నె ఎత్తి తాగాను. బాగుంది, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఆపకుండా తాగాను. గిన్నె దించితే వాళ్ళకి నా మొహం కనబడుతుంది. అడుగు దాకా తాగేశాను, చుక్క కూడా మిగల్లేదు. అయినా దించలేదు.